బారసాల, నామకరణం, తొట్టెల ఒకటేనా? కార్డు మీద ఏం వేయించాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మీది గుంటూరు వైపు, మీ ఆవిడది కరీంనగర్ వైపు, కాపురం హైదరాబాద్‌లో. పాప పుట్టి వారం దాటింది. మీ అమ్మగారు బారసాల అంటున్నారు, మీ అత్తగారు ఇరవై ఒకటో రోజున తొట్టెల చెయ్యాలంటున్నారు, పంతులుగారు రాసిచ్చిన చీటీలో నామకరణం, డోలారోహణం అని ఉంది. ఇవన్నీ ఒకటేనా, ఏది ఎప్పుడు చెయ్యాలి, కార్డు మీద ఏ మాట వేయించాలి, నక్షత్రం అక్షరంతోనే పేరు పెట్టాలా, మీ నానమ్మగారి పేరు కలపాలా, నామకరణం అన్న మాట ఎలా వాడాలి అన్నవి మీ ప్రశ్నలు.

నామకరణం అంటే పేరు పెట్టే క్రియ. బారసాల అంటే ఆ క్రియ చుట్టూ ఇంటిల్లిపాదీ చేసుకునే వేడుక. తొట్టెల, ఉయ్యాల ఫంక్షన్, డోలారోహణం, ఈ మూడూ బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేయడానికి పేర్లు. అన్నీ ఒకే రోజు చేసుకోవచ్చు, ఇప్పుడు ఎక్కువమంది అలాగే చేస్తున్నారు. విడివిడిగా చేసుకున్నా తప్పులేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లిద్దరూ చెప్పేది నిజమే, ఒకరు వేడుక పేరు చెబుతున్నారు, ఇంకొకరు ఆ వేడుకలో తమకు ముఖ్యమైన ఘట్టం పేరు చెబుతున్నారు, అంతే. అక్షరం సంగతి కింద వివరంగా రాస్తాను, దాని గురించి మాత్రం టెన్షన్ పడకండి.

నేను పౌరోహిత్యం చేస్తాను. పుట్టింది తెనాలి పక్కన, చాలాకాలంగా కూకట్‌పల్లి, నిజాంపేట వైపు ఉంటున్నాను. ఇక్కడ అన్ని జిల్లాలవాళ్లూ ఉంటారు కాబట్టి ఒక వారం శ్రీకాకుళం వాళ్లింట్లో, మరుసటి వారం నిజామాబాద్ వాళ్లింట్లో పేరు పెట్టించాల్సి వస్తుంది. ఈ మాటల తేడా వల్ల వియ్యపురాళ్ల మధ్య మాట పట్టింపులు రావడం చాలాసార్లు చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నామకరణం సంగతి. ఇది షోడశ (పదహారు) సంస్కారాల్లో ఒకటి, బిడ్డ పుట్టగానే చేసే జాతకర్మ తర్వాత వచ్చేది. మన తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది కృష్ణ యజుర్వేదం, ఆపస్తంబ సూత్రం వాళ్లు. ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే ఆ గృహ్యసూత్రంలో చెప్పింది చాలా చిన్న విషయం: పదో రోజున తల్లి పురిటి మంచం దిగి స్నానం చేశాక తండ్రి, తల్లి బిడ్డకు పేరు పెట్టాలి. అందులో తల్లిని కూడా చెప్పారు చూడండి. ఇప్పుడు చాలా ఇళ్లలో తండ్రి మాత్రమే చెవిలో పేరు చెబుతాడు, తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటుంది. నేను చేయించే చోట తండ్రి చెప్పాక తల్లి చేత కూడా చెప్పిస్తాను. మీ పంతులుగారిని కూడా అడగండి, కాదనరు.

మనుస్మృతిలో పదో రోజు గానీ పన్నెండో రోజు గానీ అని ఉంది. మరి మనవాళ్లు పదకొండో రోజు అంటారేం అంటే, పది రోజులు పురుడు, అంటే జాతాశౌచం, అది తీరాక ఇల్లు శుద్ధి చేసి పుణ్యాహవాచనం చేయిస్తారు కాబట్టి ఆ రోజే నామకరణం కూడా కలుపుకుంటారు. పురుడు ఎన్ని రోజులు పట్టాలి అన్నది కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది. కొందరికి తొమ్మిదో రోజున స్నానం, కొందరికి పదకొండు, చాలామందికి ఇరవై ఒకటి. మీ ఇంట్లో మీ అన్నదమ్ముల పిల్లలకి ఎప్పుడు చేశారో అదే మీకు ప్రమాణం, నా మాటో పుస్తకం మాటో అక్కర్లేదు.

ఇందులో చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. చెప్పిన రోజునే, అంటే పదకొండో రోజు లేదా పన్నెండో రోజు నామకరణం చేసుకుంటే మూఢం ఉందా, అధికమాసమా అని వెతకాల్సిన పని లేదు. ఆ రోజు దాటిపోయి ఇరవై ఒకటో, మూడో నెలో అనుకున్నప్పుడు మాత్రం ముహూర్తం చూసుకోవాలి. సోమ, బుధ, గురు, శుక్రవారాలు, రోహిణి, మృగశిర, పునర్వసు, పుష్యమి, హస్త, స్వాతి, అనూరాధ, శ్రవణం, రేవతి లాంటి నక్షత్రాలు మంచివి. మీకు పదకొండో రోజుకి ఇంకా టైముంది, అందుకే నా సలహా ఇది: పదకొండో రోజున ఇంట్లో వరకే పుణ్యాహవాచనం, నామకరణం చేసుకోండి. ఇరవై ఒకటో రోజున అందరినీ పిలిచి తొట్టెల, భోజనాలు పెట్టుకోండి. మీ అమ్మగారి పట్టింపు, మీ అత్తగారి పట్టింపు రెండూ తీరతాయి. బాలింత కూడా పదకొండో రోజున అంతమంది మధ్య గంటల తరబడి కూర్చోనక్కర్లేదు, ఆపరేషన్ అయిన తల్లికి అది మామూలు కష్టం కాదు.

ఇక బారసాల. ఈ మాటకు రెండు రకాలుగా అర్థం చెప్పేవాళ్లున్నారు. బాలసారె అనే రూపం కూడా మనకు వాడుకలో ఉంది, బాలుడికి పెట్టే సారె అని దాన్ని విడదీస్తారు. ఇంకోవైపు మరాఠీలో ఇదే వేడుకను బారసే అంటారు, బారా అంటే పన్నెండు, పన్నెండో రోజు చేసేది అని. రెంటికీ మన ఆచారంలో ఆనవాలు కనిపిస్తుంది: సారె పుట్టింటివాళ్లు తెచ్చేదే, పన్నెండో రోజు మనుస్మృతిలో ఉన్నదే. బాలసారె అని రాసిన కార్డులు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి, అది తప్పు అని దిద్దనక్కర్లేదు.

బారసాలలో పూజకన్నా బంధువుల పాత్ర ఎక్కువ. అమ్మమ్మగారింటి నుంచి ఉయ్యాల, వెండి మొలతాడు, మురుగులు, ఉగ్గుగిన్నె, బాలింతకి చీర వస్తాయి. మేనత్తకి పెద్దపీట. బిడ్డను ఉయ్యాలలో వేసేది, చాలా ఇళ్లలో పేరు ముందుగా పిలిచేది ఆవిడే. కోస్తాలో నుయ్యి ఉన్న ఊళ్లలో బాలింత చేత బావికి పసుపు కుంకుమ పెట్టించి చేద వేయించి నీళ్లు తోడిస్తారు. ఆ రోజు నుంచి ఆవిడ మళ్లీ ఇంటి పనుల్లోకి వచ్చినట్టు. అపార్ట్‌మెంట్లలో బోరు పంపు దగ్గరో, కుళాయి దగ్గరో బిందె పెట్టి అదే చేస్తున్నారు, బాగానే ఉంది.

తెలంగాణలో ఇదే వేడుకను తొట్టెల అనో, ఇరవై ఒకటి అనో అంటారు. "మనవరాలికి ఇరవై ఒకటి చేస్తున్నం, రాండ్రి" అంటే విన్నవాళ్లకి ఇంకేం చెప్పనక్కర్లేదు. తొట్టెల అంటే ఉయ్యాలే. కన్నడంలో తొట్టిలు, తమిళంలో తొట్టిల్, కర్ణాటకలో ఈ వేడుకను తొట్టిలు శాస్త్ర అంటారు. అందుకే "అది మా సైడు మాట, మీది కాదు" అనుకోవడానికి ఏమీ లేదు. పంచాంగంలో ముహూర్తాల దగ్గర డోలారోహణం అని కనిపించేది కూడా ఇదే, డోల అంటే ఉయ్యాల. మీ పంతులుగారి చీటీలో ఉన్నది పంచాంగం మాట, మీ అత్తగారు అన్నది ఇంటి మాట.

ఒక గందరగోళం మాత్రం తీర్చాలి. పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి ముందు పెట్టి బిడ్డ ఏది పట్టుకుంటుందో చూసేది బారసాలలో కాదండి, అన్నప్రాశనలో. ఇరవై ఒక్క రోజుల పిల్ల పాకదు, పట్టుకోదు. ఈమధ్య ఫంక్షన్ హాళ్లలో ఫొటోల కోసం అది కూడా ఇందులో కలుపుతున్నారు. ఆరో నెలలో చేస్తే బిడ్డ తనంతట తాను వెళ్లి పట్టుకుంటుంది, ఆ ముచ్చట అప్పుడే ముచ్చట.

అసలు పేరు పెట్టేటప్పుడు జరిగేది ఇది, మీకు ముందే తెలిసి ఉంటే తడబడరు. గణపతి పూజ, పుణ్యాహవాచనం అయ్యాక సంకల్పం చెప్పిస్తారు. పురిట్లో జాతకర్మ చెయ్యలేదు కాబట్టి, ఇప్పుడు ఎక్కువమంది చెయ్యడం లేదు, దానికి ప్రాయశ్చిత్తం చెప్పించి అది కూడా ఇక్కడే కలుపుతారు. పళ్లెంలో బియ్యం పోసి పరుస్తారు. బంగారు ఉంగరంతో తండ్రి ఆ బియ్యం మీద పేరు రాస్తాడు. రాసిన పేరుకు పసుపు కుంకుమ, పూలు, అక్షింతలతో పూజ. తర్వాత బిడ్డ కుడిచెవిలో మూడుసార్లు ఆ పేరు చెబుతారు. ఆపైన పెద్దల ఆశీర్వచనం, హారతి. అంతా కలిపి గంటన్నర పడుతుంది, తొందరపెడితే గంట.

ఈ క్రమంలో బియ్యం మీద రాసేది ఒక పేరు కాదు, చాలాచోట్ల మూడు నాలుగు. మాస నామం, నక్షత్ర నామం, కులదేవత పేరు, చివరికి వ్యావహారిక నామం. మాస నామాలు మార్గశిరం నుంచి వరసగా కృష్ణ, అనంత, అచ్యుత, చక్రి, వైకుంఠ, జనార్దన ఇలా పన్నెండు నెలలకి పన్నెండు. వ్యావహారిక నామం అంటే మీరు ఎంచుకుని బడిలో, ఆఫీసులో, పాస్‌పోర్టులో వాడబోయే పేరు. మీ అక్షరం ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది: నక్షత్ర నామం వేరు, పిలిచే పేరు వేరు. రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు.

నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. వీటితో పేర్లు దొరుకుతాయి. కానీ ఆర్ద్రకు చూడండి: కూ, ఘ, ఙ, ఛ. హస్తకు పూ, ష, ణ, ఠ. ఙ తో ఏం పేరు పెడతారు? ణ తో? తెలుగులో ఆ అక్షరాలతో మొదలయ్యే పేరే లేదు కదా. అంటే ఈ పట్టిక వేసిన పెద్దలే పిలిచే పేరు ఈ అక్షరంతోనే ఉండాలని అనుకోలేదని నా ఉద్దేశం. ఇది జాతకానికి, అర్చనకు, సంకల్పానికి గుర్తు.

నాకు బాగా గుర్తున్న ఒక జంట ఉన్నారు. బాబు పుట్టింది హస్త నాలుగో పాదం, ఠ వచ్చింది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్లు, రాత్రిళ్లు కూర్చుని నెట్‌లో ఠ పేర్లు వెతికారు, ఎక్కడిదో అర్థంలేని రెండక్షరాల పేరు పట్టుకొచ్చారు. అమ్మాయికి ఆ పేరు సుతరామూ ఇష్టం లేదు, అయినా భయం. నేను నక్షత్ర నామం బియ్యం మీద వేరుగా రాయించి, వాళ్లు మొదటినుంచీ అనుకున్న పేరునే వ్యావహారిక నామంగా చెప్పించాను. ఆ అమ్మాయి ముఖం చూడాలి అప్పుడు. బిడ్డను రోజుకి వందసార్లు పిలవాల్సిన తల్లికి ఆ పేరు నచ్చకపోతే ఎలాగండీ.

అక్షరాల విషయంలోనే ఇంకో మాట. యాప్‌లలో ఇంగ్లీషు అక్షరాల్లో చూసి అనుకోకండి. హస్తకు వచ్చేది ష, ఉత్తరాభాద్రకు వచ్చేది శ, రెండూ ఇంగ్లీషులో ఒకేలా కనిపిస్తాయి. అలాగే పాదం మారే సమయానికి అటూ ఇటుగా పుట్టినవాళ్లకి దృగ్గణిత పంచాంగంలో (ఆకాశంలో గ్రహాలు నిజంగా కనిపించే స్థానాల లెక్క) ఒక పాదం, పూర్వపద్ధతి పంచాంగంలో (పాత సూత్రాల లెక్క) ఇంకో పాదం వచ్చే అవకాశం ఉంది. మీ ఇంట్లో ఏ పంచాంగం వాడతారో దాన్నే పట్టుకోండి. రెండు మూడు యాప్‌లు పెట్టుకుని పోల్చుకుంటే మతి పోవడం తప్ప ప్రయోజనం లేదు.

ఆడపిల్లకు బేసి అక్షరాలు, మగపిల్లాడికి రెండో నాలుగో అక్షరాలు ఉండాలని కూడా సూత్రాల్లో ఉంది. కొంతమంది ఇది పట్టుకుని వేళ్లు మడిచి లెక్కపెడుతుంటారు. జానకి, పార్వతి మూడక్షరాలు, సరే. మరి సీత, లక్ష్మి రెండు, సరస్వతి నాలుగు. మన ఇళ్లలో తరతరాలుగా ఆడపిల్లలకు పెట్టుకున్న పేర్లు ఇవే కదా. ఈ నియమం కుదిరితే మంచిదే, కుదరకపోతే మంచి పేరు వదులుకోకండి. మనుస్మృతిలో ఆడపిల్లల పేరు గురించి చెప్పినవాటిలో నాకు నచ్చేవి వేరే ఉన్నాయి: నోటికి సులువుగా పలకాలి, అర్థం స్పష్టంగా ఉండాలి, వినడానికి ఇంపుగా ఉండాలి. ఈ మూడూ ఇవాళ్టికీ పనికొస్తాయి, మగపిల్లలకు కూడా.

మీది ఆడపిల్ల అన్నారు కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. ఆడపిల్లకి మంత్రాలు లేకుండా క్లుప్తంగా చేస్తే చాలని కొందరు అంటారు, దానికి పుస్తకాల్లో ఆధారం కూడా చూపిస్తారు. నేను మాత్రం తేడా చెయ్యను. ఆశీర్వచనం ఆడపిల్లకి సగం, మగపిల్లాడికి మొత్తం అనే లెక్క నాకు నచ్చదు. మీకు ఎవరైనా అలా చెబితే, మాకు పూర్తిగా చెయ్యండి అని అడగండి, చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

తండ్రి లేకపోతే ఎలా అని కూడా చాలామంది అడుగుతారు. ఉద్యోగం మీద అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటే తాతగారు చెయ్యవచ్చు. అమెరికాలో పుట్టిన పిల్లలకి వీడియో కాల్‌లో నేను చేయించినవి ఉన్నాయి. అక్కడ బియ్యం పళ్లెం పెట్టుకుని తల్లిదండ్రులు కూర్చుంటారు, మంత్రం ఇక్కడి నుంచి నేను చెబుతాను, బియ్యం మీద రాసేదీ చెవిలో చెప్పేదీ వాళ్లే. టైము తేడా వల్ల తిథి, నక్షత్రం అక్కడి సూర్యోదయం ప్రకారం చూడాలి, ఇక్కడి క్యాలెండర్ పెట్టుకుంటే ఒక్కోసారి రోజే మారుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రి పెట్టెలో ఉన్న బిడ్డలకి పదకొండో రోజు దాటిపోతే బెంగపడే తల్లులు ఉంటారు. ఇంటికొచ్చాక మంచిరోజు చూసి చేసుకోండి, దోషం ఏమీ లేదు. అప్పటిదాకా మీరు మనసులో పెట్టుకున్న పేరుతో పిలుచుకోవచ్చు కూడా.

ఇప్పుడు ఊరి పేర్ల సంగతి కొంచెం, ఎందుకంటే మీరు పాపకి మీ నానమ్మగారి పేరు కలపాలా అని చివర్లో అడిగారు. మన వాళ్ల పేర్లు చూస్తే ఏ ఊరివాళ్లో, ఎవరికి మొక్కుకున్నారో తెలిసిపోతుంది. విశాఖ వైపు అప్పన్న, అప్పలరాజు, సింహాచలం. విజయనగరంలో పైడిరాజు, పైడమ్మ. కోటప్పకొండ చుట్టుపక్కల కోటయ్య. నెల్లూరు జిల్లాలో పెంచలకోన వల్ల పెంచలయ్య. వరంగల్ వైపు సమ్మక్క సారక్కల పేరు మీద సమ్మయ్య, సారయ్య. కొమురవెల్లి మల్లన్న పేరు మీద మల్లయ్య, కొమురయ్య. యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరు మీద యాదగిరి, యాదమ్మ. దర్గాకి మొక్కుకుని మస్తానయ్య, మస్తాన్‌రావు, నాగూర్ అని పెట్టుకున్న హిందువుల ఇళ్లు కోస్తాలో ఎన్నో. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే పెంట మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెంటయ్య, పెంటమ్మ అని పెట్టుకున్న తల్లుల దుఃఖం కూడా ఈ పేర్లలోనే ఉంది. ఆ పేర్లు ఇవాళ పాతవిగా అనిపించవచ్చు, కానీ ఒక్కోదాని వెనక ఒక మొక్కు, ఒక భయం, ఒక కృతజ్ఞత ఉన్నాయి.

అందుకని నానమ్మగారి పేరు కలపండి, తప్పకుండా. పాత పేరు పిలవడానికి బాగుండదనుకుంటే కులదేవత పేరుతోపాటు బియ్యం మీద రాయించండి, వ్యావహారిక నామం మీరు అనుకున్నది పెట్టుకోండి. మన ఇళ్లలో అత్తగారి పేరు పెట్టుకున్న మనవరాలిని కోడలు ఆ పేరుతో పిలవదు, అమ్మడు అనో బుజ్జి అనో పిలుస్తుంది. పిలిచే పేరు వేరుగా ఉండే అలవాటు మనకు కొత్తదేం కాదు.

కార్డు విషయానికి వస్తాను. మీరు ఇరవై ఒకటో రోజున అందరినీ పిలిచి ఉయ్యాలలో వేసేటట్టయితే "బారసాల" అని వేయించండి, అది రెండు వైపులవాళ్లకీ అర్థమవుతుంది. కరీంనగర్ బంధువులకి పంపే వాట్సాప్ కార్డులో "తొట్టెల వేడుక" అని వేసుకోండి, రెండు రకాల కార్డులు చేయించడం ఇప్పుడు ఖర్చు కాదు. నామకరణం కూడా అదే రోజు చేస్తుంటే "నామకరణ, డోలారోహణ మహోత్సవం" అని వేసుకోవచ్చు. పదకొండో రోజునే పేరు పెట్టేసి ఇరవై ఒకటిన ఫంక్షన్ చేస్తుంటే మాత్రం "నామకరణ మహోత్సవం" అని వేయకండి, అప్పటికి నామకరణం అయిపోయింది కదా.

పేరు ముందే కార్డు మీద అచ్చు వేయించాలా? నేనైతే వద్దంటాను. "మా కుమార్తె బారసాల" అని వేస్తే చాలు. బియ్యం మీద రాసి చెవిలో చెప్పేదాకా ఆ పేరు బయటికి రాకపోతే, ఆ క్షణంలో ఇంట్లో అందరూ ఒకేసారి వినే ఆనందం ఉంటుంది. ఇది శాస్త్రం కాదు, నా ఇష్టం. ఇంకోటి, పాప పేరు ముందు చి.ల.సౌ. అని వేస్తున్నారు కొన్ని ప్రెస్సుల్లో. అది పెళ్లికూతురికి వేసేది. చిన్నపిల్లకి "చిరంజీవి" చాలు.

మాట వాడకం గురించి అడిగారు కాబట్టి ఇవి కూడా. "నామకరణం చేశారు" అనాలి, "నామకరణం పెట్టారు" అనకూడదు, ఎందుకంటే కరణం అంటేనే చేయడం. "పాపకి ఫలానా అని పేరు నామకరణం చేశారు" అని కూడా రాస్తున్నారు, అందులో పేరు రెండుసార్లు వచ్చింది. "ఫలానా అని నామకరణం చేశారు" లేదా "ఫలానా అని పేరు పెట్టారు", ఏదో ఒకటి. మాట్లాడేటప్పుడు పేరు పెట్టడమే హాయిగా ఉంటుంది, నామకరణం కార్డులకీ పంచాంగానికీ సరిపోతుంది.

పేపర్లలో జిల్లాలకీ, ప్రాజెక్టులకీ, రోడ్లకీ కూడా ఈ మాట వాడతారు, తప్పులేదు. కానీ కొత్తగా పుట్టినదానికి పెట్టేది నామకరణం, ఉన్న పేరు తీసి ఇంకోటి పెడితే పేరు మార్పు. 2016లో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు యాదాద్రి భువనగిరి, జయశంకర్ భూపాలపల్లి అని పెట్టినవి నామకరణాలు. 2022లో ఆంధ్రలో వచ్చిన అల్లూరి సీతారామరాజు జిల్లా, అన్నమయ్య జిల్లా కూడా అంతే. 2008లో నెల్లూరు జిల్లాకి పొట్టి శ్రీరాములుగారి పేరు చేర్చారు, అది పేరు మార్పు. పునర్నామకరణం అనే మాట కూడా ఉంది, కానీ పేరు మార్చారంటే అందరికీ అర్థమవుతుంది. బారసాల మాత్రం పిల్లలకే, దాన్ని సినిమా టైటిల్ లాంచ్‌కి వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఆఖరుగా, మీరు అడగలేదు గానీ చాలామంది దీన్ని బారసాలతో ముడిపెట్టి కంగారు పడతారు కాబట్టి చెబుతున్నాను. జననం నమోదు చేయించడానికి 21 రోజుల గడువు ఉంది. ఆసుపత్రిలో పుడితే వాళ్లే వివరాలు పంపుతారు. అప్పటికి పేరు పెట్టకపోయినా నమోదు ఆగదు, పేరు గడి ఖాళీగా ఉంచి నమోదు చేస్తారు. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించుకోవచ్చు. కాబట్టి ఫారం అడిగారు కదా అని ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి ఏదో ఒక పేరు రాసేయకండి. రాశాక మార్చాలంటే చేర్చడం కన్నా చాలా ఎక్కువ తిరగాలి. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకి బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకి, డ్రైవింగ్ లైసెన్సుకి ఈ సర్టిఫికెట్టే పుట్టిన తేదీకి ఆధారం. మన వాళ్లకి ఇంటిపేరు ముందు రాసే అలవాటు, పాస్‌పోర్టులో ఇంటిపేరుకి వేరే గడి ఉంటుంది. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరమా, పేరు ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్, ఇవన్నీ మీరిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద తేల్చుకుని, సర్టిఫికెట్‌లో ఎలా వస్తే ఆధార్‌లో, బడిలో అలాగే రాయించండి.

పదకొండో రోజుకి కావలసిన సామాను జాబితా మీ పంతులుగారు ఇస్తారు. ఇవ్వకపోతే ఇక్కడే అడగండి, రాస్తాను. పాప పుట్టిన టైము, ఊరు చెబితే నక్షత్రం, పాదం కూడా చూసి చెబుతాను.